పద్నాలుగో వాటా

పల్లెపాలెం, మైపాడు దారి,
ఇందుకూరుపేట మండలం.
ఏప్రిల్ 21

ఏంజెలిన్‌కి,

నేను భవానిని. చెంగయ్య కూతురు గంగాభవాని అంటే ఇంకా తొందరగా గుర్తొస్తానేమో. మనం మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. కింద పేరు చూసి కాగితం చింపబోతావని తెలుసు. చివరిదాకా చదివి చింపు, నాకు అభ్యంతరం లేదు.

అడ్రసు మీ అమ్మ ఇచ్చింది. ఫోన్ నంబరు అడిగితే, "నెంబరు ఊళ్ళో ఎవురికీ ఇయ్యొద్దని నా చేత ఒట్టేయించుకునింది. అడ్రసు సంగతి ఏం చెప్పలేదు గదా" అంటూ నీ హాస్టల్ పేరున్న పాత కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. పేరమ్మత్త తెలివి నీకు తెలియనిదా.

సంగతి చెబుతాను. రెండేళ్ళుగా నేను ఎండుచేపలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నెత్తళ్ళు, ఎండురొయ్యలు, ఉప్పు వంజరం. నవ్వుకుంటే నవ్వుకో. హైదరాబాదు అపార్టుమెంట్ల వాళ్ళు వాసన రాకుండా మూడు కవర్లలో చుట్టి పంపమంటారు, తిన్నాక వాసన అదిరిందని అయిదు స్టార్లు ఇస్తారు. మా ఆయన మాల్యాద్రి వెళ్ళే బోటు సరుకంతా నేనే అమ్ముతాను. డబ్బు ఒక పేమెంటు కంపెనీ చేతుల మీదుగా నా ఖాతాలో పడుతుంది. దళారీ లేడు, తూకంలో మోసం లేదు. మొన్నటిదాకా ఊళ్ళో నన్ను మించిన మొనగత్తె లేదు.

ఏప్రిల్ పదిహేను నుంచి వేట నిషేధం కదా. రెండు నెలలు బోటు కదలదు. ఆ రెండు నెలల తిండికని మార్చి అంతా ఆడవాళ్ళం నడుములు విరిగేలా చేపలు ఎండబెట్టి, ఉన్న సరుకంతా అమ్మేశాము. మూడు లక్షల నలభై రెండు వేలు వచ్చింది. వచ్చింది అంటే కంపెనీ దాకా వచ్చింది. పదిహేడో తారీకున వాళ్ళు దాన్ని అక్కడే ఆపేశారు. "మీ ఖాతా సమీక్షలో ఉంది" అని ఒక ముక్క. ఫోన్ చేస్తే యంత్రం మాట్లాడుతుంది. మెయిలు పెడితే అదే జవాబు ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ చివర్లో, మీ రోజు శుభంగా గడవాలి అని ఉంది.

నువ్వు చేసేది ఆ కంపెనీలోనే అని మీ అమ్మ మొన్న చెప్పింది. నిన్ను అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. ఆ డబ్బు నా ఒక్కదానిదైతే అడిగేదాన్ని కాదు.

భవాని


చెన్నై
ఏప్రిల్ 27

భవానికి,

నీ ఉత్తరం అందింది. చింపలేదు.

నాకు ఫోన్ చెయ్యకు. మెసేజీ పెట్టకు. ఎవరి దగ్గరైనా నంబరు సంపాదించినా చెయ్యకు. మా ఆఫీసులో లోపలికి వెళ్ళేముందు ఫోన్లు లాకర్లో పెట్టించుకుంటారు. ఖాతాదారుల్లో మనకు తెలిసినవాళ్ళుంటే ముందే రాసివ్వాలి, వాళ్ళ ఫైలు తాకకూడదు. తాకామని తెలిస్తే ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకోవాలి. కాబట్టి నీ పేరు నా ఫోనులో ఎక్కడా కనబడకూడదు. కాగితాన్ని ఎవరూ చూడరు. నంబరు దొరక్క నువ్వు పట్టిన దారే సరైనదయింది.

నీ ఫైలు చూశాను. నిన్ను పట్టుకుంది మెషీను. డబ్బు నీ ఖాతాలో పడిన పదకొండు నిమిషాల్లో పద్నాలుగు ఖాతాలకి వెళ్ళిపోతోంది. ఒకసారి కాదు, రెండేళ్ళుగా ప్రతిసారీ అంతే. దొంగసొమ్ము చేతులు మార్చేవాళ్ళు అచ్చం ఇలాగే చేస్తారు. నువ్వు ఎండబెట్టే నెత్తళ్ళ సంగతి మెషీనుకి తెలియదు.

ఆ పద్నాలుగు మంది ఎవరో రాయి. మాకు ఖాతాల చివరి నాలుగంకెలే కనబడతాయి, పేర్లు కనబడవు.

ఇంకొక మాట. మా అమ్మని ఇందులోకి లాగకు. ఆ ఊరి మెతుకు ముట్టనని ఆమె నాకు మాటిచ్చింది. ఊరి చివర ఉంటోందే గాని ఊరితో ఆమెకి పని లేదు. రొయ్యల షెడ్డులో ఆమె కూలి ఆమెది, నేను పంపేది నేను పంపుతాను. అదలాగే ఉండనివ్వు.

ఏంజెలిన్


పల్లెపాలెం
మే 3

ఏంజీ,

ఏంజీ అని రాశాను, కోపమొస్తే కొట్టేసి చదువుకో.

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. మాల్యాద్రికి కూడా చూపించలేదు. కానీ నువ్వు ఈ ఊళ్ళో పుట్టినదానివే కదా, పద్నాలుగు మంది ఎవరని నన్నడుగుతావేం? చెన్నై నీళ్ళు అంత మరిపించాయా?

సరే, రాయమన్నావు కాబట్టి రాస్తాను. వేట డబ్బు పంచకుండా ఇంటి గడప దాటించకూడదు. మా తాతల కాలంలో బోటు దిగిన చోటే ఇసుకలో పంచేవాళ్ళు. ఇప్పుడు డబ్బు ఫోనులోకి వస్తోంది. అయినా డబ్బు డబ్బే కదా. టింగుమని మోగగానే నేను ఏ పనిలో ఉన్నా ఫోను తీసుకుని గడప బయట అరుగు మీద నిలబడతాను. వాటాలన్నీ పంపేదాకా లోపలికి అడుగు పెట్టను. వానొస్తే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఒకసారి పొయ్యి మీద కూర మాడిపోయింది, వెళ్ళలేదు. పదకొండు నిమిషాలని మీ మెషీను లెక్కపెట్టింది దాన్నే. ఎప్పుడైనా పన్నెండయితే మా ఊరి సిగ్నలుది తప్పు.

బోటుకి ఒక వాటా, వలకి ఒకటి, ఇంజనుకి ఒకటి. వేటకి వెళ్ళేవాళ్ళు ఆరుగురికి ఆరు. ఎండబెట్టే ఆడవాళ్ళకి ఒకటి. సముద్రంలో పోయిన ఇద్దరి ఇళ్ళకి రెండు. గంగమ్మ కొలుపుకి ఒకటి. పదమూడు. పద్నాలుగోది నా సొంత సొమ్ములోంచి నేను ఇచ్చుకునేది, అది వేరే సంగతి.

ఇక్కడ నా బతుకు బాగాలేదు. మామూలు రోజుల్లో మగవాళ్ళు సముద్రం మీద ఉంటారు, నోళ్ళూ అక్కడే ఉంటాయి. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వలల షెడ్డులో కూర్చుని కుట్లు వేస్తూ నా గురించే మాట్లాడుకుంటున్నారు. వేటకి వెళ్ళే ఆరుగురిలో ఒకడైన మస్తాన్ నా మొహం మీదే అడిగాడు: "మెషీను ఆపేసినాదంటే ఎట్ట నమ్మేది వొదినా? మడిసి ఆపినాడంటే పొయ్యి గొంతు పట్టుకోవచ్చు. మెషీనుకి గొంతు యాడుండాది?"

మా నాయన అక్కడే ఉన్నాడు. ఆయన ఇప్పటికీ ఊరి పెద్దే. తలెత్తకుండా వల కుడుతూనే ఉన్నాడు. ఆయన తిట్టినా నాకింత భయం ఉండదు.

కంపెనీ ఒక ఫారం పంపింది. చివర పెద్ద గడి ఉంది, "ఈ సొమ్ముకీ, మీరు పంపిన వారికీ గల సంబంధం వివరించండి" అని. అందులో ఏం రాయాలో చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

భవాని


చెన్నై
మే 10

భవానికి,

మర్చిపోయాననుకున్నావా. ఆ గడప బయట అరుగు మీద నేనూ నిలబడ్డాను. మా నాన్న సముద్రంలో పోయాక మూడేళ్ళు మాకూ వాటా వచ్చేది. మొగుడు పోయినామె కాబట్టి అమ్మ గడప దాటి రాకూడదు, నేను బయట నిలబడి గిన్నె పట్టేదాన్ని. నోట్లు గిన్నెలో వేసేవాళ్ళు, పైన రెండు చేపలు వేసేవాళ్ళు. నోట్లకి చేపల తడి అంటుకునేది. బళ్ళో ఫీజు కడితే మాస్టారు ముక్కు మూసుకునేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మ తోటపల్లి గూడూరు వైపు రొయ్యల షెడ్డులో ఒలుపు పనికి వెళ్ళింది. ఆ కంపెనీ చెరువుల నీళ్ళు వదిలి కాలవలో చేపలు చంపుతోంది, అక్కడ పనికి ఎవరూ పోకూడదని ఊళ్ళో కట్టుబాటు. అమ్మ ఎందుకు వెళ్ళిందో ఎవరూ అడగలేదు. నా మెడ మీద గడ్డకి ఆపరేషన్ చేయించాలి, అందుకు వెళ్ళింది. మీ నాయన వలల షెడ్డులో లేచి నిలబడి, "కట్టుబాటు దాటినామెకి వాటా ఏంది?" అన్నాడు. ఒక్క మాట. అందరూ చేతులెత్తారు. ఆ తర్వాత నాలుగేళ్ళకి ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అదే రొయ్యల షెడ్డుకి ఆటో ఎక్కి పోయారు. వాళ్ళ వాటాలు ఎవరూ ఆపలేదు.

ఇదంతా ఎందుకు రాశానో తెలియదు. నేనేమీ మనసులో పెట్టుకోలేదు.

ఫారం సంగతి. చివరి గడిలో ఇలా రాయి: "ఈ డబ్బు నాది కాదు. మా బోటు వాళ్ళందరిదీ. వాళ్ళ తరఫున నా ఖాతాలో తీసుకుని, ఎవరిది వాళ్ళకి పంచుతాను." ఒక్క మాట మార్చకు, కలపకు. గంగమ్మ అనీ గడప అనీ పెద్ద కథ రాయకు. నిజమే కాబట్టి నీకు రాయడానికి ఇబ్బంది ఉండదు.

జూన్ అయిదులోపు తేలిపోతుంది. అది ఖాయం.

ఏంజెలిన్


పల్లెపాలెం
మే 22

ఏంజీ,

నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. రాస్తుంటే చెయ్యి తేలికయింది. ఎన్ని రోజులుగానో అబద్ధం చెప్పేదానిలా తిరుగుతున్నాను, నిజం రాసే చోటు ఒకటి దొరికింది.

నీ గిన్నె సంగతి చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. ఆపరేషన్ సంగతి నాకు తెలియదు. తెలిసినా ఆ వయసులో నేనేం చేసేదాన్నో చెప్పలేను. కానీ పెద్దయ్యాక మా నాయనతో అన్నాను, ఆ రోజు నువ్వు చేసింది తప్పని. ఆయన నన్ను కొట్టలేదు. మూడు రోజులు నా చేతి కూడు తినలేదు, అంతే. నువ్వు మనసులో పెట్టుకోలేదంటున్నావు గాని పెట్టుకున్నా నేను తప్పు పట్టను.

ఆదివారం షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టారు. మా నాయన నన్ను కూతురిలా పిలవలేదు, మాల్యాద్రి పెళ్ళామా అని పిలిచాడు. బ్యాంకు కాగితాలు తెమ్మన్నారు, తెచ్చాను. అక్కడి మగవాళ్ళలో రంగనాయకులు ఒక్కడికే చదవొస్తుంది, వేలు పెట్టి లెక్కపెట్టి, "వాటాలు పదమూడు గదా, పద్నాలుగు ఖాతాలు ఉండాయేం?" అన్నాడు.

చెప్పలేదు. నా సొమ్ము, నా ఇష్టం అన్నాను. ఒకరికి మాటిచ్చాను ఏంజీ, ఆ మాట దాటలేను. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. నేను దొంగచాటుగా దాచుకుంటున్నానని అప్పుడే అందరికీ నమ్మకం కుదిరింది. మస్తాన్ అయితే, "మెషీనుకి ఇంకో ఖాతా గూడా ఉండాదంట" అన్నాడు, నవ్వారు.

నీకు నచ్చని పని ఒకటి చేశాను, తిట్టు. నీ ఉత్తరం మడతపెట్టి, నీ పేరు కనబడకుండా పట్టుకుని, "జూన్ అయిదులోపు తేలిపోతుంది, అది ఖాయం" అన్న ముక్క రంగనాయకులు చేత చదివించాను. లోపలి మనిషి రాసిందని చెప్పాను. ఆ ఒక్క ముక్క చూసి గడువిచ్చారు. జూన్ పద్నాలుగు. ఆ మర్నాడు వేట మొదలు. డబ్బు రాకపోతే మాల్యాద్రికి ఏ బోటులోనూ చోటు లేదు, మాతో ఎవరూ ఇచ్చిపుచ్చుకోరు. మా నాయనే చెప్పాడు. చెప్పి, "కూతురికైతే ఒక మాట, ఇంకొకరికైతే ఒక మాటా?" అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు.

మాల్యాద్రి ఇంటికొచ్చి, "బోటు లేకపోతే నేను ఏం చెయ్యాలమే? నాకు రొండో పని రాదు" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మీ అమ్మ బాగుంది. మొన్న వచ్చి చాలాసేపు కూర్చుంది. నీ మీద ఒక్క చాడీ కూడా చెప్పలేదు, కావాలంటే ఒట్టు.

నీ భవాని


పల్లెపాలెం
జూన్ 5

ఏంజెలిన్,

తేలిపోయింది.

పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. నీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను. "ఈ సొమ్ము మీది కాదని మీరే లిఖితపూర్వకంగా అంగీకరించారు. ఇతరుల సొమ్మును మీ పేరిట వసూలు చేయడం మా నిబంధనలకు విరుద్ధం. సదరు మొత్తాన్ని కొనుగోలుదారులకు తిరిగి చెల్లిస్తున్నాము. సంబంధిత ఖాతాల వివరాలను ఆయా బ్యాంకులకు తెలియజేశాము." కింద మళ్ళీ, మీ రోజు శుభంగా గడవాలి.

కొన్నవాళ్ళకి తిరిగి ఇచ్చేశారు. నెత్తళ్ళు వేపుకుని తిన్నారు, రొయ్యలు వంకాయలో వేసుకుని తిన్నారు, వాళ్ళ డబ్బు వాళ్ళకి వెళ్ళిపోయింది. కూకట్‌పల్లి నుంచి ఒకామె మెసేజీ పెట్టింది, "థాంక్యూ అక్కా, ఆఫరా?" అని.

ఆ మాటలు నువ్వు చెప్పినవి. ఒక్కటి మార్చకు అన్నావు. నేను మార్చలేదు. నీకు తెలియక చెప్పావా, తెలిసి చెప్పావా? ఈ ఒక్కదానికి జవాబు రాయి. మిగతావేవీ అక్కర్లేదు.

మధ్యాహ్నానికి పద్నాలుగు ఖాతాలూ ఆగిపోయాయి. వేట నిషేధానికని గవర్నమెంటు వేసిన డబ్బు కూడా అందులోనే ఉంది. ఇందుకూరుపేట బ్యాంకు ముందు ఊరు ఊరంతా నిలబడి ఉంటే మేనేజరు షట్టరు సగం దించేశాడు. నన్ను చూసి జనం దారి ఇచ్చారు. గౌరవంతో కాదు, తగులుతానేమోనని.

అక్కడ క్యూలో మీ అమ్మ ఉంది.

పద్నాలుగో ఖాతా మీ అమ్మది, ఏంజెలిన్. వ్యాపారం మొదలుపెట్టిన రోజే మా నాయనకి తెలియకుండా ఆమె వాటా మళ్ళీ మొదలుపెట్టాను. నా సొమ్ములోంచి. నీ దగ్గర ఒట్టేసింది కాబట్టి వద్దంది, రెండు నెలలు బతిమాలితే ఒప్పుకుంది. "నా బిడ్డకి తెలిస్తే నా మొకం చూడదు, ఊళ్ళో తెలిస్తే నిన్ను బతకనీరు. ఎవురికీ చెప్పబాకమ్మా" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. అందుకే షెడ్డులో నోరు మూసుకుని దొంగనయ్యాను.

నువ్వు నాలుగేళ్ళుగా పంపుతున్న డబ్బు కూడా అదే ఖాతాలో ఉందట. కోవూరులో స్థలం కొనడానికని నాలుగు లక్షల పది వేలు. బ్యాంకువాళ్ళు పద్దెనిమిది నెలలు పట్టొచ్చన్నారు. ఆమె ఏడవలేదు. "పద్దెనిమిది నెల్లంటే మళ్ళా సంక్రాంతా, ఆ పై సంక్రాంతా?" అని నన్నే లెక్క అడిగింది.

భవాని


చెన్నై
జూన్ 9

భవానీ,

తెలిసి చెప్పాను.

జవాబు అదే, ఇంకేమీ అక్కర్లేదన్నావు. కానీ రాస్తాను, నువ్వు సగం తెలుసుకుని మిగతా సగం మంచిగా ఊహించుకోవడం నాకిష్టం లేదు.

ఏప్రిల్ పదిహేడున నీ ఫైలు నా స్క్రీను మీదికే వచ్చింది. మెషీను అనుమానం మాత్రమే పడుతుంది, ఆపేది మనుషులం. రోజుకి నూరు ఫైళ్ళు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు ఇస్తారు. నీదానికి నలభై సెకన్లు పట్టింది. పిన్ కోడు చూశాను, నీ పేరు చూశాను, పదకొండు నిమిషాలు పద్నాలుగు ఖాతాలు అని చూశాను. మూడొందల మంది కూర్చునే హాల్లో అది గడప బయట నిలబడి పంచిన డబ్బని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వదిలెయ్యడానికి ఒక గడి ఉంటుంది, ఆపడానికి ఒకటి ఉంటుంది. ఆపాను. ఆ సాయంత్రం బిర్యానీ తిన్నాను. బాగుంది కూడా.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అప్పుడైనా విప్పించి ఉండొచ్చు. విప్పితే నా పనిలో తప్పు పడుతుంది గాని, నన్ను ఆపింది అది కాదు. చెంగయ్య కూతురు అడుగుతుంటే బాగుంది భవానీ. ఇంకో ఉత్తరం అడుగుతూ వస్తే ఇంకా బాగుంటుందనిపించింది. చివరి నిర్ణయం చేసింది నా పై వాళ్ళు, వాళ్ళకి కావాల్సిన వాక్యం నీ చేత రాయించింది నేను. ఆ ఊళ్ళో ఎవరికీ రెండు నెలలు వాటా ముట్టకూడదనుకున్నాను. ఒక్కసారి అందరూ గిన్నెలు పట్టుకుని నిలబడాలనుకున్నాను.

నాలుగంకెలు కనబడ్డాయి. 7716. ఆ ఖాతాకే నెలనెలా పంపుతున్నాను. ఫోనులో అమ్మ అని పేరు పెట్టుకున్నాను కాబట్టి అంకెలు ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు అడిగేది నేను. అమ్మ ఖాతా విప్పించడానికి ఒక్క దారి ఉంది. "పేరమ్మ అనే ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమెతో నాకు ఏ సంబంధమూ లేదు. అంకె పొరపాటున కొట్టడం వల్ల ఆమె ఖాతాకి డబ్బు వెళ్ళింది" అని రాసి, సంతకం పెట్టి కంపెనీకి పంపు. అది నా టేబులు మీదికి వచ్చేలా చూసుకుంటాను, వారంలో విప్పిస్తాను. మిగతా పదమూడూ నా చేతిలో లేవు. ఉంటే విప్పుతానని అబద్ధం చెప్పను.

నా మీద నీకెంత కోపం ఉంటే అంతా నా మీద చూపించు. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. నాకు ఆ ఊళ్ళో మిగిలింది ఆమె ఒక్కతే. ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఏంజీ


పల్లెపాలెం
జూన్ 17

ఏంజెలిన్ గారికి,

మీ ఉత్తరం పన్నెండున అందింది. కాల్చలేదు.

కాల్చాలని అనుకోలేదని కాదు. రెండు రోజులు జాకెట్లో పెట్టుకుని తిరిగాను. పదమూడున మీ అమ్మ మా ఇంటికొచ్చి, "రేపు నేను వొచ్చి చెప్తానమ్మా. పద్నాలుగోది నాదేనని అందురి ముందరా చెప్తా. నా బిడ్డ ఒట్టు పోతే పోనీ, నీ మొగుడికి బోటు ఉండాల గదా" అంది. నా కోసం ఊరి ముందు నిలబడతానంది. మర్నాడు మంచి చీర కూడా కట్టుకుని వచ్చింది.

పద్నాలుగున షెడ్డు నిండింది. డబ్బేదని మా నాయన అడిగాడు. మీ అమ్మ లేచి నిలబడింది. ఆమె నోరు తెరవకముందే నేను మీ ఉత్తరం తీశాను. ఆమె మాట ఒక్కటే అయితే వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు, ఇద్దరం కలిసి కథ అల్లామనేవాళ్ళు. మీ చేతిరాత అయితే నమ్మక తప్పదు. రంగనాయకులుకి ఇవ్వకుండా నేనే చదివాను. మొదటి మాట నుంచి చివరి పేరు దాకా. బిర్యానీ కూడా చదివాను. నా కాళ్ళు పట్టుకుంటానన్నది కూడా చదివాను. మీరు నలభై సెకన్లలో ఆపేశారని చదివిన చోట నాకు ఇంకా ధైర్యం వచ్చింది.

మీ అమ్మ నిలబడే విన్నది. అయ్యాక ఆ కాగితం ఒకసారి ఇమ్మంది. ఆమెకి చదవడం రాదు కదా. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత రాసినాదో" అంది. మడత పాడవకుండా తిరిగి ఇచ్చింది.

మా మీద వేసిన మాట కొట్టేశారు. మాల్యాద్రి పదిహేను తెల్లారి బోటెక్కాడు. మస్తానే చెయ్యిచ్చి ఎక్కించాడు.

పదమూడు వాటాల నష్టం పేరమ్మ మీద వేశారు. కూతురు చేసింది తల్లి కట్టాలని. కట్టేదాకా ఆమెకి నిప్పు లేదు, పంపు దగ్గర అందరూ పట్టుకున్నాకే ఆమెకి నీళ్ళు, ఎవరూ మాట్లాడకూడదు. మా నాయన చేతులెత్తమన్నాడు. కొందరు తలలు దించుకుని కూర్చున్నారు. ఆమె ఏం చేసిందయ్యా అని గొణిగినవాళ్ళు కూడా ఉన్నారు. అప్పుడు ఆయన నావైపు చూశాడు. ముందు నా చెయ్యే లేచింది. నన్నెవరూ బెదిరించలేదు. మాల్యాద్రి బోటు నాకు కావాలి, నా పొయ్యి మీద అన్నం ఉడకాలి. మీ కోపం మీకు ఎంత బాగుందో నాకు ఆ నిమిషంలో అర్థమయింది.

మీరు అడిగిన కాగితం రాసి, సంతకం పెట్టి, స్పీడ్ పోస్టులో కంపెనీకి పంపాను. నకలు ఇందులో పెడుతున్నాను. "పేరమ్మ అనే ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమెతో నాకు ఏ సంబంధమూ లేదు." మీరు చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క మాట మార్చలేదు. త్వరగా విప్పించండి. ఆ ఖాతాలో నాలుగు లక్షల పది వేలు ఉన్నట్టు మా నాయనకి నేనే చెప్పాను. ఊరికి రావాల్సింది మూడు లక్షల నలభై రెండు వేలు. విప్పిన రోజే రంగనాయకులు ఆమెను బ్యాంకుకి తీసుకెళతాడు. ఆమె ఒప్పుకుంది, వేలిముద్ర వేసింది. మిగిలింది ఆమెకే ఉంచుతారు.

మీ ఉత్తరాలన్నీ మా నాయన పెట్టెలో ఉన్నాయి. ఖాతా విప్పడం ఆలస్యమైతే వాటిని మీ కంపెనీకి పంపుతామని చెప్పమన్నాడు.

ఇంక రాయను. మీరూ రాయకండి.

నిన్న పొద్దున పంపు దగ్గర అందరూ పట్టుకున్నాక చివర్లో మీ అమ్మ బిందె పెట్టింది. నేను రెండో బిందెకి వెళ్ళాను. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. "భవానీ, దాని మెడ మీద మచ్చ ఇంకా కనపడతాదా? నువ్వేమైనా ఫోటోలో చూసినావా?" అని అడిగింది. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. బిందె నిండేదాకా పంపు కొట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చేశాను.

గంగాభవాని